నలభై రాగాల తగాదా

మల్లికవలస ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో గోటేటి నీలాచలం మాస్టారు లక్షణం చెబుతారు. లక్షణం అంటే సంగీతానికి శాస్త్రం. పాడటం ఒకరు నేర్పుతారు, వీణ ఒకరు నేర్పుతారు. పాడినదాన్నీ వాయించినదాన్నీ ఏమంటారో ఈయన నేర్పుతారు. ఆ క్లాసు మధ్యాహ్నం రెండింటికి. భోజనం చేసి వచ్చిన పిల్లలు దాన్ని విశ్రాంతి కింద వాడుకుంటారు. మాస్టారు ఏమీ అనరు. నిద్రపోయేవాళ్ల మీదకి ఫ్యానుగాలి వస్తోందో లేదో చూసుకుని పాఠం కొనసాగిస్తారు.

నేను ఆ కాలేజీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పేరు వరహాలమ్మ. నాకు సంగీతం రాదు. అయితే ఈ వ్యవహారంలో ప్రతి కాగితం నా చేతుల మీదుగానే టైపయింది కాబట్టి, జరిగింది చెప్పే అర్హత నాకే ఉందనుకుంటున్నాను.

మాస్టారు పాఠం చెప్పడంతో ఆగే మనిషి కాదు. కృతులు కడతారు. సాహిత్యం ఆయనదే, వరస ఆయనదే. కర్ణాటక సంగీతంలో డెబ్బై రెండు తల్లి రాగాలున్నాయట, మేళకర్తలంటారు. వాటిలో నలభైని వివాది రాగాలంటారు. వాటిని కచేరీల్లో దాదాపు ఎవరూ ముట్టుకోరు. పాడితే ఇంటికి అరిష్టమని కొందరు, గొంతుకి అరిష్టమని కొందరు. సరిగ్గా ఆ నలభైనే ఏరుకుని మాస్టారు పందొమ్మిదేళ్లలో నలభై కృతులు కట్టారు. ఒక్కటీ ఎవరూ పాడలేదు. పట్టుకెళ్లి ఇచ్చిన విద్వాంసులు కళ్లకద్దుకుని తీసుకున్నారు, తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. ఒక సభ కార్యదర్శి అయితే, “మా హాలుకి ఇప్పుడే సున్నం వేయించామండీ, ఇలాంటివి వద్దు” అన్నాడు.

ఎందుకండీ మాస్టారూ ఈ తంటా, అందరూ పాడే రాగాల్లో కట్టొచ్చు కదా అని ఒకసారి అడిగాను.

“పాపం, నలభై ఉన్నాయండీ. ఎవరో ఒకరు పలకరించకపోతే ఎలా?” అన్నారు. చుట్టాల గురించి చెప్పినట్టు చెప్పారు.

కాలేజీకి యాభయ్యేళ్లు నిండిన ఏడాది మాస్టారికి ధైర్యం వచ్చింది. స్వర్ణోత్సవాల్లో తన కృతుల్లో కొన్నింటిని పాడటానికి అనుమతి ఇమ్మని దరఖాస్తు పెట్టుకున్నారు. “వివాది రాగములలో రచించిన నలభై కృతుల ప్రదర్శన విషయమై” అని నేనే టైపు చేశాను. అది, ఉత్సవాల పనుల కోసం మా ఆఫీసులోనే వేయించుకున్న పట్నాయక్ గారి బల్ల మీదకి వెళ్లింది.

ఎం. ఎస్. కె. పట్నాయక్ గారు మా శాఖకి కొత్తగా వచ్చిన డైరెక్టరు. అంతకుముందు ఇరవయ్యారేళ్లు సర్వే, భూరికార్డుల శాఖలో చేశారు. చాలా నిజాయితీపరుడు. టీ కూడా ఇంటినుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. మూడు తరాలుగా కొట్టుకుంటున్న గట్టు తగాదాలని ఒక్క పూటలో తేల్చేవారని పేరు. ఆయన మా కాలేజీ చూడ్డానికి వచ్చిన మొదటి రోజే సిలబస్ పుస్తకం తిరగేసి, “దీని ప్రకారం ముప్పై అయిదు తాళాలుండాలి. గదులకి నాలుగే కనిపిస్తున్నాయి. మిగతావి ఎవరి స్వాధీనంలో ఉన్నాయి?” అని అడిగారు. వీణ నేర్పే సుగుణకుమారి గారు అప్పుడు ఇన్‌ఛార్జి ప్రిన్సిపాలు. అవి వేరే తాళాలండీ, చేత్తో వేసేవి అని ఆవిడ వివరించారు. ఆయన శ్రద్ధగా విని, “సరే. తాళాలున్నప్పుడు చెవులు కూడా ఉండాలి కదా?” అన్నారు.

“ఉండాలండీ,” అన్నారు సుగుణకుమారి గారు. “మా దగ్గర కొందరు పిల్లలకే ఉన్నాయి.”

అలాంటి ఆయన మాస్టారి దరఖాస్తు చదివి కళ్లజోడు తీశారు. నేను ఫైలు పట్టుకుని పక్కనే ఉన్నాను.

“వివాది అంటే ఏమిటండీ?”

“వివాదం ఉన్నవి అండి,” అన్నారు మాస్టారు. శాస్త్రంలో ఉన్నది అదే.

“ఎన్ని?”

“నలభై అండి.”

“మొత్తం ఎన్నింటికి?”

“డెబ్బై రెండింటికి.”

పట్నాయక్ గారు కుర్చీలో ముందుకి జరిగారు. “సగానికి పైగా లిటిగేషనా? ఎప్పట్నుంచి?”

“మూడొందల ఏళ్ల పైమాటేనండి.”

“పార్టీలెవరు?”

“కొన్నింట్లో రిషభం, గాంధారం. కొన్నింట్లో ధైవతం, నిషాదం. ఇంకొన్నింట్లో నలుగురూనండి. మరీ పక్కపక్కనే ఉంటారు. మధ్యలో ఎడం చాలదు. ఒకరినొకరు ఒరుసుకుంటూ ఉంటారు.”

“సరిహద్దు తగాదా!” అన్నారు పట్నాయక్ గారు.

మాస్టారు లక్షణం చెప్పే మనిషి. అడిగినదానికి సగం జవాబు చెప్పి ఊరుకోలేరు. “అసలు వీణ మీద చూస్తేనండీ, రెండో మెట్టు ఒక రకం రిషభానిది. ఒక రకం గాంధారానిది కూడా అదే మెట్టు. స్వరాల పేర్లు పదహారు, చోట్లు పన్నెండేనండి,” అన్నారు.

“ఒకే మెట్టు ఇద్దరి పేరా! అంటే నాలుగు డబుల్ రిజిస్ట్రేషన్లు!”

పట్నాయక్ గారి మొహం వెలిగిపోయింది. ఆయన మా శాఖకొచ్చి మూడు నెలలు. ఈ మూడు నెలల్లో ఆయనకి తెలిసిన సంగతి ఒక్కటీ ఎదురుకాలేదు. ఇవాళ ఎదురైంది.

“ఇన్నేళ్లూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదా మాస్టారూ?”

“మాకు అలాగే బాగుంటుందండీ.”

“తగాదా బాగుంటుందా?”

“వినడానికండి,” అన్నారు మాస్టారు మెల్లిగా.

మర్నాడు సర్క్యులర్ వెళ్లింది. ఆయన చెబుతూ ఉంటే నేను కొట్టాను: “డెబ్బై రెండు మేళకర్త రాగములలో నలభై రాగములు అనాదిగా వివాదములో ఉన్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఇంతవరకు ఏ అధికారియూ చర్య తీసుకొనకపోవుట విచారకరము. వివాదము పరిష్కారమగునంతవరకు సదరు రాగములను పాడుట, వాయించుట, కూనిరాగము తీయుట నిషేధించడమైనది. సదరు జనక రాగముల వారసులైన జన్య రాగములకు సైతము ఈ ఉత్తర్వు వర్తించును.”

వారసుల సంగతి వచ్చేసరికి గొడవ ఊళ్లోకి పాకింది. కచేరీ మొదలుపెట్టే నాట రాగం ఆ నలభైలో ఒకదానికి సంతానమట. మా పిల్లల కచేరీ రెండో పాటతో మొదలైంది. మొదటి పాటకి పట్టే అయిదు నిమిషాలూ అందరూ వేదిక మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. పెళ్లిళ్లకి సన్నాయి వాయించే కోటయ్య ఆఫీసుకొచ్చి, “మేడం, నాట వాయిస్తే పెళ్లి చెల్లదా?” అని అడిగాడు. ఆ ప్రశ్న మీద కూడా ఒక ఫైలు తెరిచాం.

నలభైలో ఒక రాగం పేరు వనస్పతి. అది పట్నాయక్ గారి పరిధిలోకి రాదని ఆయనకే అనిపించింది. ఆహార భద్రతా విభాగానికి పంపించారు. వాళ్లు “నమూనా నిమిత్తము రెండువందల గ్రాములు పంపవలెను” అని జవాబు రాశారు. మాస్టారు ఆ రాగం స్వరాలు శుభ్రంగా ఒక కాగితం మీద రాసి కవర్లో పెట్టి పంపారు. తూకం తక్కువైందని తిరిగొచ్చింది.

అరవై ఒకటో రాగం పేరు కాంతామణి. మాస్టారి భార్య పేరు కూడా కాంతామణి. ప్రతి రాగానికీ, దాన్ని వాడుతున్న మనిషి ఇంటి చిరునామాకి ఒక నోటీసు పంపమన్నారు పట్నాయక్ గారు కాబట్టి మాస్టారి ఇంటికి పంపాను. ఆవిడ మర్నాడు పదింటికల్లా ఆఫీసులో ఉన్నారు.

“వరహాలమ్మా, ఇది నువ్వే కొట్టావా?” అని కాగితం పైకి చదివారు. “‘మీ అధీనములో ఉన్న కాంతామణి అనేక సంవత్సరములుగా వివాదాస్పదమై ఉన్నందున, సదరు కాంతామణి మీకు ఎవరి వద్దనుండి సంక్రమించినదో ఆధారములతో ఏడు రోజులలోగా తెలుపవలెను.’ నేను వివాదాస్పదమా?”

“మీరు కాదండీ, రాగం,” అన్నాను.

“మా నాన్న దగ్గర్నుంచి సంక్రమించాను. ఇదుగో ఆధారం,” అని పెళ్లి శుభలేఖ బల్ల మీద పెట్టారు.

పట్నాయక్ గారు దాన్ని రెండు వైపులా చూశారు. తీసుకున్నట్టు రాసిచ్చి, ముద్ర వేసి, ఫైలులో కలిపారు. నలభై రాగాల్లో కాగితాలున్నది ఇదొక్కటే అని మెచ్చుకున్నారు కూడా.

అప్పుడే మాస్టారు క్లాసునుంచి వచ్చారు. ఆవిడ ఆయన వైపు తిరిగారు.

“నా పేరుతో రాగం ఉందా?”

“ఉంది కాంతం.”

“అందులో మీరు పాట కట్టారా?”

“పదకొండేళ్లయింది.”

“పదకొండేళ్లా! ఒక్కసారైనా నాకు వినిపించారా?”

మాస్టారు నేల చూశారు. “బాగుండదేమోనని,” అన్నారు.

ఇప్పుడు పాడండి, అన్నారావిడ. మాస్టారు గొంతు సవరించుకున్నారు కూడా. పట్నాయక్ గారు లేచి నిలబడి, ఎంతో మర్యాదగా, “క్షమించాలమ్మా. ఉత్తర్వు అమల్లో ఉంది,” అన్నారు. ఆవిడ రసీదు పట్టుకుని వెళ్లిపోయారు. మాస్టారు ఆ రోజు రెండు గంటల క్లాసులో ఫ్యాను వెయ్యడం మర్చిపోయారు. పిల్లలు మొదటిసారి మెలకువగా పాఠం విన్నారు.

తర్వాత సర్వే జరిగింది. సర్వేయరు తవిటినాయుడు గొలుసు, జెండా కర్రలు, గట్టు రాళ్లతో జీపులో దిగాడు. కొలవాల్సింది సుగుణకుమారి గారి వీణని. ముప్పై ఏళ్లు పొలాలు కొలిచిన మనిషి, వీణ ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

“ఇదేటి మేడం, గట్టు నేదు. మెట్టుకీ మెట్టుకీ మధ్యని ఉన్నదంతా మైనమే. మైనం ఎవల పేర ఉన్నాది?”

“వీణ చేసినాయన పోశాడు నాయుడూ.”

“అదే ఆక్రమణ,” అని రాసుకున్నాడు.

నివేదిక పట్నాయక్ గారికి చేరింది. నాలుగు స్వరాలకి సొంత స్థలం లేదనీ, పక్కవాళ్ల మెట్టు మీద తల దాచుకుంటున్నాయనీ తేలింది. అది చదివి ఆయన నిజంగా బాధపడ్డారు. “మూడొందల ఏళ్లుగా నిలవనీడ లేకుండా బతుకుతున్నాయి వరహాలమ్మ గారూ,” అన్నారు. వెంటనే నిర్వాసిత స్వరాల పునరావాస పథకం తయారైంది. ఒక్కో స్థాయికి నాలుగు చొప్పున, రెండు స్థాయిలకి ఎనిమిది కొత్త మెట్లు. ఇరవై నాలుగు మెట్ల వీణ ముప్పై రెండు మెట్లదైంది. అన్ని మెట్లు పట్టడానికి వీణ మెడకి టేకు చెక్క అతికించి పొడిగించారు. అది గదిలో పట్టక తలభాగం వరండాలోకి వచ్చింది. ఒకరు గదిలో కూర్చుని మీటుతూ ఉంటే ఇంకొకరు వరండాలో కూర్చుని మెట్ల మీద వేళ్లు నడపాలి. ప్రారంభోత్సవం నాడు ఒక్కో కొత్త మెట్టు పక్కన ఒక్కో పట్టా కాగితం, ప్లాస్టిక్ అట్ట వేయించి మరీ అంటించారు. రిబ్బను కట్ చేశాక సుగుణకుమారి గారు మీటారు.

తుప్పుపట్టిన గేటు తెరిచినట్టయింది. వరండాలో ఎవరిదో మేక తాడు తెంపుకుని పారిపోయింది. సుగుణకుమారి గారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. భుజాలు కదులుతూంటే తెలిసింది, నవ్వుతున్నారు.

“కొత్త కాలనీ కదా,” అన్నారు పట్నాయక్ గారు. “సర్దుకోడానికి టైం పడుతుంది.”

నెల గడిచినా సర్దుకోలేదు. స్వరాలు కొత్త స్థలాలకి వెళ్లడానికి నిరాకరిస్తున్నాయని నివేదిక వెళ్లింది. ఇక మిగిలింది న్యాయ ప్రక్రియ ఒక్కటే. “రాగ వివాద పరిష్కార వేదిక” ఏర్పాటైంది. ప్రతి మంగళవారం పదకొండింటికి కాలేజీ ఆడిటోరియంలో విచారణ. ఒక్కో రాగానికి ఒక్కో కేసు, ఒక్కో వాయిదా. న్యాయమూర్తిగా రిటైరైన సివిల్ జడ్జి లంక రాజేశ్వరమ్మ గారు వచ్చారు. ఆవిడకి డెబ్బయ్యేళ్లు. సన్నగా ఉంటారు, అనవసరంగా ఒక్క మాట మాట్లాడరు. నన్ను బెంచి క్లర్కుని చేశారు.

మొదటి మంగళవారం ఆడిటోరియం నిండిపోయింది. కారణం నాకు తర్వాత తెలిసింది. గేటు మీద “సరిహద్దు తగాదాల విచారణ” అని బోర్డు పెట్టారు. అది చూసి చుట్టుపక్కల మండలాల నుంచి రైతులు పాసుపుస్తకాలు సంచుల్లో పెట్టుకుని వచ్చేశారు. ముందు వరసలో ఇద్దరు అన్నదమ్ములు బెంచీకి ఆ చివరొకరు ఈ చివరొకరు కూర్చున్నారు. జానెడు గట్టు కోసం పద్నాలుగేళ్లుగా మాటల్లేవట.

నేను లేచి, రూలు ప్రకారం మూడుసార్లు పిలిచాను. “రిషభం హాజరా? రిషభం హాజరా? రిషభం హాజరా?” తర్వాత గాంధారాన్ని పిలిచాను. ఎవరూ పలకలేదు. వెనక నుంచి ఒక రైతు, “మా ఊళ్లో కూడా ఇంతేనమ్మా, వాయిదాకి రారు,” అన్నాడు.

పట్నాయక్ గారు లేచి, పార్టీలు గైర్హాజరు కాబట్టి నలభై రాగాల్ని శాశ్వతంగా రద్దు చెయ్యమని కోరారు. ఆయనకి ఏ దురుద్దేశమూ లేదు. తగాదా ఉన్న స్థలాన్ని ఎవరికీ లేకుండా చేస్తే తగాదా పోతుందన్నది ఆయన అనుభవం. నలభై పాటల సాహిత్యమూ నేనే టైపు చేశాను. ఒక్కటి కూడా చెవిన పడలేదు. అవి అలా ఫైల్లోనే పోతాయా అనిపించింది నాకు.

రాజేశ్వరమ్మ గారు మాస్టారి వైపు చూశారు. “మీరేమంటారు?”

మాస్టారు లేచారు. “పార్టీలు ఇక్కడే ఉన్నాయండీ.”

“మరి పిలిస్తే పలకలేదే?”

“అవి మాట్లాడవండీ. పాడితే పలుకుతాయి.”

ఆవిడ పెన్ను చేతిలోకి తీసుకున్నారు. “ఇరుపక్షాల మాట వినకుండా తీర్పు ఎలా ఇస్తాను? పాడండి.”

“ఉత్తర్వు అమల్లో ఉంది మేడం!” అన్నారు పట్నాయక్ గారు.

“ఇది పాట కాదు. సాక్ష్యం,” అన్నారావిడ.

మాస్టారు పాడారు. మొదటి రాగం కనకాంగి. సుగుణకుమారి గారు ఇంట్లో ఉన్న ఇంకో పాత వీణ తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. గొంతు మొదట్లో జీరపోయింది, తర్వాత తేరుకుంది. నాకు సంగీతం రాదని చెప్పాను. కానీ నాకు తెలిసింది ఇది: ఇద్దరు మనుషులు ఇరుకు గుమ్మంలో ఎదురుపడ్డారు. తప్పుకోడానికి చోటు లేదు. ఒకరి భుజం ఒకరికి తగులుతోంది. చిరాకే, కానీ ఎవరూ వెనక్కి తగ్గట్లేదు, ఎవరూ నెట్టట్లేదు. ఆ ఒరిపిడిలోంచి పచ్చి ఉసిరికాయ కొరికినట్టు ఏదో పుడుతోంది. ముందు పుల్లగా ఉంది. తర్వాత గుటక వేస్తే తియ్యగా ఉంది.

పాట అయిపోయింది. ముందు వరస అన్నదమ్ముల్లో పెద్దాయన, ఎవరితోనూ కానట్టుగా, “అచ్చం మనదే,” అన్నాడు. రెండోవాడు కాస్త ఇటు జరిగాడు.

రాజేశ్వరమ్మ గారు పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. “రికార్డులో సరిగ్గా పడలేదు. సాక్ష్యం మరొక్కసారి చెప్పించండి,” అన్నారు.

ఆ తర్వాత మంగళవారాలు ఎలా గడిచాయో నేను చెప్పలేను. ఐదో వాయిదాకి బెంచీలు చాలక గుమ్మాల్లో నిలబడ్డారు. తొమ్మిదో వాయిదాకి బయట వేరుశెనక్కాయల బండి వచ్చింది. పాడితే అరిష్టమని భయపడిన విద్వాంసులు, సాక్ష్యం కాబట్టి దోషం లేదని తీర్మానించుకుని, మృదంగంతో ఒకరు, వయొలిన్‌తో ఒకరు సాక్షులుగా నమోదయ్యారు. సున్నం వేయించిన సభ కార్యదర్శి మూడో వరసలో కూర్చుని తల ఊపుతూ కనిపించాడు. వనస్పతి విచారణకి ఆహార భద్రతా విభాగం నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి, విని, “కల్తీ లేదు” అని రాసిచ్చి వెళ్లాడు. సన్నాయి కోటయ్య నాట రాగం తరఫున వారసుడిగా ఇంప్లీడ్ అయి, అంటే కేసులో తానూ ఒక కక్షిదారుగా చేరి, గంటసేపు వాయించాడు.

పట్నాయక్ గారు మొదట్లో ప్రతి పాట తర్వాత లేచి అడ్డు ప్రశ్నలు వేసేవారు. “మూడో చరణంలో గాంధారం తన హద్దు దాటి ఎన్ని గొలుసు లింకులు లోపలికి వచ్చింది?” అని. తర్వాత తర్వాత ప్రశ్నలు తగ్గాయి. ఇరవై మూడో వాయిదా నాడు ఆయన ఫైలు తేవడం మర్చిపోయారు. ముప్ఫయ్యో వాయిదా నాడు ఆయన బూటు కాలు తాళం వేస్తూ నాకు దొరికింది. నేను చూడటం చూసి ఆపేశారు. కాసేపటికి మళ్లీ మొదలైంది.

కాంతామణి రాగం వంతు ముప్పై మూడో వాయిదాకి వచ్చింది. ఆ రోజు ఆవిడ మామిడిపిందెల అంచు చీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. నేను రూలు ప్రకారం “కాంతామణి హాజరా?” అని పిలిచాను.

“హాజరు,” అన్నారావిడ.

హాలంతా గొల్లున నవ్వింది. రాజేశ్వరమ్మ గారు కూడా నవ్వి, వెంటనే సర్దుకున్నారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆ రోజు ఆయన జడ్జి గారి వైపు చూసి పాడలేదు. సాహిత్యం నాకు కంఠతా వచ్చు. అందులో భార్య ప్రస్తావన ఎక్కడా లేదు. తెల్లారి వంటింట్లో వెలిగే పొయ్యి గురించి ఉంటుంది. టైపు చేసినప్పుడు ఇదేం పాట అనుకున్నాను. పాడుతుంటే అర్థమైంది. ఆవిడ ఒక్కసారి కళ్లు తుడుచుకున్నారు. పాట అయ్యాక పైకి, అందరికీ వినపడేలా, “బాగుండదేమో అన్నారుగా!” అన్నారు.

“సాక్షిని బెదిరించరాదు,” అన్నారు రాజేశ్వరమ్మ గారు.

పదో నెలలో నలభయ్యో విచారణ ముగిసింది. తీర్పు నాడు పోలీసుల్ని పెట్టాల్సి వచ్చింది. గోడలెక్కి మరీ విన్నారు. రాజేశ్వరమ్మ గారు చదివారు: “ఈ నలభై రాగములలో వివాదము కలదనుట నిజము. అది ఈ న్యాయస్థానమునకు చెవులారా రుజువైనది. సదరు వివాదమును పరిష్కరించినచో రాగము మిగలదు. కావున ఇరుపక్షములు ఇప్పుడున్న చోటనే, ఇప్పుడున్నట్లే, ఒకరినొకరు ఒరుసుకొనుచు శాశ్వతముగా ఉండవలెను. ఎవరును మధ్యలో కలుగజేసుకొనరాదు. యథాతథ స్థితి.”

చప్పట్లు ఆగలేదు. కేసు ఓడిపోయిన పట్నాయక్ గారే అందరికన్నా ఆఖర్న ఆపారు.

ఆయనకి ఆ నెలలోనే మత్స్యశాఖకి బదిలీ అయింది. వెళ్లే రోజు మొహమాటపడుతూ మాస్టారి గదికి వచ్చారు. “ఆ అరవై ఒకటో రాగానిది... ధ్రువీకరించిన నకలు ఒకటి దొరుకుతుందాండీ?” అన్నారు. మాస్టారు ఆయన ఫోన్లోకి పాడారు. నకలు కాబట్టి నేను ఫోను వెనక ఆఫీసు ముద్ర వేసి, తేదీతో సంతకం చేసి ఇచ్చాను. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని జీపెక్కారు.

ఇక్కడితో అంతా బాగుపడిందని మీరనుకోవచ్చు. మేమూ అనుకున్నాం. నిషేధం పోయింది, పేరు వచ్చింది. మరుసటి నెల మాస్టారు అదే ఆడిటోరియంలో, అదే మంగళవారం పదకొండింటికి, తన కృతులతో మామూలు కచేరీ పెట్టారు. అచ్చు వేయించిన ఆహ్వానాలు నేనే పంచాను. వచ్చినవాళ్లు ఏడుగురు. అందులో కాంతామణి గారు, నేను, సుగుణకుమారి గారూ లెక్కే. మిగతా నలుగురిలో ఒకాయన పాసుపుస్తకం తెచ్చుకున్నాడు, విచారణ లేదని తెలిసి లేచి వెళ్లిపోయాడు. సన్నాయి కోటయ్యని తర్వాత అడిగితే, “తగాదా తీరిపోయింది కదమ్మా, ఇంకేటుందని రావడం?” అన్నాడు.

మాస్టారు కుంగిపోతారనుకున్నాను. నాలుగు రోజులు వరండాలో పచార్లు చేశారు. అయిదో రోజు నా బల్ల దగ్గరికొచ్చి, మిగిలిన ముప్పై రెండు రాగాల్లో కూడా కృతులు కట్టడం మొదలుపెట్టానని చెప్పారు. ఇవి అందరూ పాడే రాగాలే, ఏ దోషమూ లేనివి, అరిష్టం లేనివి. మంచిదే కదండీ అన్నాను.

“మంచిదే. ఎవరు వింటారు?” అన్నారు. ఆయన కళ్లలో నేను ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ చూడని ఒక మెరుపు ఉంది. “వరహాలమ్మ గారూ, ఒక అర్జీ కొట్టిపెడతారా?”

సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్స్, జనం అర్జీలు తీసుకునే రోజు. నేనూ కాంతామణి గారూ కూడా వెళ్లాం. రేషను కార్డులవాళ్లు, పింఛన్లవాళ్లు, దారి మూసేశారని వచ్చినవాళ్లు, అందరి మధ్యా మాస్టారు టోకెను పట్టుకుని గంటన్నర నిలబడ్డారు. మా వంతు వచ్చింది. కంప్యూటరు ముందున్న అమ్మాయి తలెత్తకుండా అడిగింది.

“మీ సమస్యేంటండీ?”

“నా దగ్గర ముప్పై రెండు రాగాలున్నాయమ్మా,” అన్నారు మాస్టారు. “వాటి మీద ఎవరికీ ఏ తగాదా లేదు. ఎలాగైనా మీరే పెట్టించాలి.”